నాలుగున్నరకు అక్క మిస్డ్ కాల్

కుప్పంలో నేను చెప్పే స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో మొదటి పాఠం గెట్ అప్. రోజంతా ఏం చేస్తావో చెప్పమంటే ఎవరైనా అక్కడి నుంచే కదా మొదలుపెట్టాలి. ఐ గెట్ అప్ ఎట్ సిక్స్. ఐ బ్రష్ మై టీత్. మనిషి ఎంత గొప్పవాడైనా స్పోకెన్ ఇంగ్లిష్‌లో అతని జీవితం పళ్ళు తోముకోవడంతో మొదలై పడుకోవడంతో ముగుస్తుంది. మధ్యలో ఒకసారి ఆఫీసుకు వెళ్ళొస్తాడు.

బోర్డు మీద ఒక పక్క వేక్ అప్, ఇంకో పక్క గెట్ అప్ రాసి మధ్యలో గీత గీస్తాను. కళ్ళు తెరుచుకుంటే వేక్ అప్. ఒళ్ళు మంచం దిగితే గెట్ అప్. రైజ్ అంటే సూర్యుడూ, టమాటా ధరా. స్టాండ్ అప్ అంటే బళ్ళో హెడ్మాస్టరు లోపలికి వచ్చినప్పుడు. కింద పడినవాడు లేచినా గెట్ అప్పే, బస్సులో పెద్దవాళ్ళు ఎక్కితే సీటులోంచి లేచినా గెట్ అప్పే. ఈ ఆఖరిది మా రూట్లో వాడుకలో లేదు. వేక్ అప్‌కూ గెట్ అప్‌కూ మధ్య నేను గీసే గీత వెడల్పు ఎంతో మాత్రం బోర్డు మీద చూపించలేను. అది మనిషిని బట్టి ఉంటుంది. నా గీత మీద ఒక లారీ పోవచ్చు.

అప్పట్లో నా క్లాసు పొద్దున ఆరింటికి. బెంగుళూరు రైలెక్కి పనులకు పోయేవాళ్ళు, ఉద్యోగాల కోసం తిరిగేవాళ్ళు వచ్చేవారు. వాళ్ళలో రామకుప్పం వైపు నుంచి వచ్చే రైతు ఒకాయన ఉండేవాడు. అంగళ్లులో ఇంజనీరింగ్ చదివే కూతురు ఇంటికొచ్చినప్పుడల్లా తనకు అర్థం కాకుండా ఫోన్లో ఇంగ్లిష్ మాట్లాడుతోందని ఆయన అనుమానం. ఫీజు కట్టి నేర్చుకుంటున్నది ఆ అనుమానం తీర్చుకోవడానికే. ఒకరోజు ఆయనను లేపి, పొద్దున ఎన్నింటికి లేస్తావో చెప్పన్నా అన్నాను.

"ఐ నో గెట్ అప్ సార్."

"నో కాదన్నా, డు నాట్. సరే, యాల లెయ్యవు?"

"నిద్దరపోతే గదా సార్ లేసేది."

ఆయన రాగి చేను అడవి అంచున ఉంది. పంట చేతికొచ్చే రోజుల్లో ఏనుగులు దిగుతాయి. తెల్లవార్లూ మంచె మీద కాపలా కూర్చుని, అట్నుంచి అటే మోటార్ సైకిలెక్కి క్లాసుకు వస్తున్నాడు.

"ఒక్కడివే అంతసేపు ఏం చేస్తావన్నా?"

"కేకేస్తా సార్."

"ఏనుగు వస్తేనా?"

"రాకున్నా ఏస్తాం. నేనొక కేకేస్తే పక్క సేన్లోంచి మా చిన్నాయన ఒక కేకేస్తాడు."

"ఏమని?"

"ఏమనీ లేదు సార్. ఓ అని, అంతే."

"ఓ అంటే ఏనుగు భయపడుతుందా?"

"దానికి యాడ భయం సార్. కేక ఏనుక్కి కాదు, మా చిన్నాయనకి. మేల్కోనుండాడా లేదా అని. తిరిగి కేక రాలేదంటే ఆయన పడుకోనుండాల, లేదంటే ఏనుగొచ్చుండాల. రెండూ ఇబ్బందే."

క్లాసంతా నవ్వింది. ఇదంతా ఇంగ్లిష్‌లో చెప్పన్నా అన్నాను. "అది రాదనే గదా సార్, తెలుగులో ఇంతసేపు చెప్పింది," అని కూర్చున్నాడు.

లేవడం గురించి ఇంత పాఠం చెప్పే నేను సొంతంగా ఎప్పుడూ లేవలేదు. ఎవరో ఒకరు లేపాలి. పుంగనూరులో మా ఇల్లు అంగడి వెనకాలే ఉండేది. గాజులు, రిబ్బన్లు, పౌడర్లు అమ్మే ఫ్యాన్సీ అంగడి. నాన్న నా చిన్నప్పుడే పోతే అమ్మే నడిపింది. అంగడి తెరవడం, నన్ను లేపడం అమ్మకు ఒకే సమయంలో పడేవి. షట్టరు మొదటిసారి లాగితేనే లేచేది. నాకు అంత తేలిక కాదు.

ముందు "లెయ్ నాయనా" వచ్చేది. అది నిద్రలో కలిసిపోయి హాయిగా ఉండేది. తర్వాత "లెయ్‌రా". తర్వాత "లేస్తాండావా లేదా". ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసి పొయ్యి మీది గిన్నెతో, "ఈడు లేసినట్టే, నేను సూసినట్టే" అనేది. చివరి మెట్టులో మాటలుండవు, తడి చెయ్యి వచ్చి ముఖం మీద పడేది. గెట్ అప్‌కు సమానార్థకాలు రాయమని ఎవరైనా పేపరిస్తే ఇప్పటికీ ఇదే వరసలో రాస్తాను. చివరి ఖాళీలో నీళ్ళు చల్లి ఇచ్చేస్తాను.

అమ్మ పోయిన మరుసటి రోజు నన్నెవరూ లేపలేదు. నాకు నేనే లేచాను. అన్నేళ్ళలో మొదటిసారి లేపకుండా లేచిన నన్ను చూసి ఆశ్చర్యపోవాల్సిన మనిషి ఒక్కతే. ఆమె లేదు. బంధువులు మాత్రం, పాపం పిల్లోడు నిద్రపోలేదు అన్నారు. నిజానికి బాగానే పోయాను.

అంగడిని బాడుగకిచ్చేశాం. ఇప్పుడు అక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. బస్సు పుంగనూరులో ఆగినప్పుడు ఒకసారి దిగి, కావాలని ఒక కవరు కొన్నాను. అది నా ఫోనుకు సరిపోలేదు.

ఆ తర్వాత నన్ను లేపే పని అక్కకు వచ్చింది. అక్కను మదనపల్లెలో ఇచ్చారు. బావ టమాటా మండీలో సరుకు కొని లారీలకెత్తించే పనిలో ఉండేవాడు. తెల్లవారకముందే పోవాలి కాబట్టి అక్క నాలుగింటికే లేచి టీ పెట్టేది. కుప్పంలో ఉద్యోగం దొరికిందని చెప్పినప్పుడు ఆమె జీతం అడగలేదు, రూము అడగలేదు.

"ఆరింటికా క్లాసు? నిన్నెవురు లేపేది ఆడ?"

"అలారం ఉండాది కదక్కా."

"అలారం నీకు జోలపాట. ఇంటర్‌లో సూడలేదా ఏంది. నేనెట్లాగూ లేసే ఉంటా గదా, నాలుగున్నరకి ఒక మిస్డ్ కాల్ ఇస్తా. కట్ చెయ్. కట్ చేస్తే లేసినావని అర్థం."

ఇప్పుడు కాల్స్ అన్నీ ఉచితమే, ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. అయినా మా ఇంట్లో మిస్డ్ కాల్ పద్ధతి పోలేదు. అమ్మ అంగట్లో ఉన్న కాలం నుంచీ బస్సు దిగితే ఒక రింగు, బస్సు తప్పితే రెండు రింగులు. ఖర్చు లేకుండా కబురు చేరడం అనేది మా వ్యాపార కుటుంబంలో దైవభక్తికి కొంచెం కింద ఉండేది. ఫోనెత్తి మాట్లాడారంటే బంధువుల్లో ఎవరో పోయారని లెక్క. అందుకే మా వాళ్ళు ఫోనెత్తగానే హలో అనరు, "ఎవురు?" అంటారు.

పద్ధతి బాగానే నడిచింది, ఒక్క లోపం తప్ప. నేను నిద్రలోనే కట్ చేయడం నేర్చుకున్నాను. కాలు మీద దోమను కొట్టినట్టు కట్ చేసి ఇటు తిరిగేవాణ్ణి. రెండుసార్లు క్లాసు పోయాక అక్క కొత్త నియమం పెట్టింది. కట్ చేసి, లేచి నిలబడి, నేను తిరిగి మిస్డ్ కాల్ ఇవ్వాలి. నిలబడి ఇస్తున్నానో పడుకుని ఇస్తున్నానో ఆమెకెట్లా తెలుస్తుందని అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. నమ్మకం మీద నడిచే ఏర్పాటు కాబట్టి పడుకునే ఇచ్చేవాణ్ణి, ఇచ్చాక లేచేవాణ్ణి.

కుప్పంలో నా గది ఒక మేడ మీద ఉంది. మంచం, కుర్చీ, బక్కెట్టు. కుర్చీ మీద బట్టలుంటాయి కాబట్టి అతిథి ఎవరైనా వస్తే మంచం మీద కూర్చోవాలి. ఆ ఇబ్బంది ఇంతవరకు రాలేదు. పొద్దున క్లాసు, తర్వాత ఇంకో క్లాసు, మధ్యాహ్నం మెస్సులో అన్నం, వచ్చి పడుకోవడం. క్లాసులో అందరితో గుడ్ మార్నింగ్, హౌ ఆర్ యూ అనిపించేవాణ్ణి. ఐ యామ్ ఫైన్ అని నేనూ ఎన్నోసార్లు అనేవాణ్ణి, పాఠంలో భాగంగా. క్లాసు బయట నన్ను ఎట్లా ఉన్నావని అడిగేవాళ్ళు లేరు. అడిగితే చెప్పడానికి జవాబు మాత్రం బాగా సాధన చేసి పెట్టుకున్నాను.

ఒకసారి మధ్యాహ్నం పడుకుని లేచేసరికి కిటికీలో మసక వెలుతురు. తెల్లారిపోయింది, క్లాసు దాటిపోయింది అనుకున్నాను. బ్రష్షు నోట్లో పెట్టుకుని మెట్లు దిగి కొళాయి దగ్గరికి పరిగెత్తాను. ఇంటి ఓనరమ్మ తులసి దగ్గర దీపం పెడుతోంది.

"ఏమప్పా, సాయంత్రం కూడా తోముతావా పళ్ళు?"

అప్పుడు చూశాను, పిల్లలు సైకిళ్ళ మీద ట్యూషన్లకు పోతున్నారు. "మంచిదంట అమ్మా, డాక్టర్లు చెబుతున్నారు," అన్నాను, నోట్లో నురగతోనే.

"దీపాలు పెట్టే యాళ పండుకోకూడదప్పా. ఇంట్లో ఎవురూ సెప్పలేదా?"

చెప్పారు. పుంగనూరులో దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఒక్కరు కూడా పడుకుని ఉండేందుకు వీల్లేదు, జ్వరమొచ్చినా లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టేవాళ్ళు. లేపేందుకు ఇంకొకరు ఉంటేనే ఆ ఆచారం నడుస్తుంది. ఆ మాట అనలేదు, నోట్లో పేస్టు ఉంది. పైకొచ్చి, తోమిన పళ్ళతో మంచం మీద కాసేపు కూర్చున్నాను. చీకటి పడింది. లైటు వేసుకోవాలంటే లేవాలి.

కొన్నాళ్ళకు పొద్దుటి బ్యాచ్ తీసేశారు. చలికాలంలో వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. సెంటరు నడిపే ఆయన, "ఇంకమీదట పది గంటలకు వస్తే చాలు," అన్నాడు, ఏదో బహుమతి ఇస్తున్నట్టు. రైతన్నకు అసలు సమస్యే లేదు, ఆయన సాయంత్రం బ్యాచ్‌కు మారాడు. మెలకువగా ఉండేవాడికి ఏ వేళైనా ఒకటే.

ఇక నాలుగున్నరకు లేవాల్సిన పని లేదు. అక్కకు చెప్పడమే మిగిలింది. ఒక్క మాట, "అక్కా, ఇంక కాల్ వద్దు." ఎంత ఆలోచించినా ఆ మాట సరిగ్గా కుదరలేదు. చెబితే ఆ రింగు ఆగిపోతుంది. ఆగిపోతే, తెల్లారింది మొదలు మళ్ళీ తెల్లారేదాకా నేనున్నానో లేదో అడిగేవాళ్ళు ఎవరూ మిగలరు. ఇట్లా రాస్తే పెద్ద విషాదంలా ఉంది కానీ, కంపెనీలు రోజూ లోను కావాలా అని అడుగుతూనే ఉండేవి. వాళ్ళను లెక్కలోకి తీసుకోలేదు.

అక్క ఎట్లాగూ లేచే ఉంటుంది, బావకు టీ పెట్టాలి కదా, దాంతోపాటు ఒక రింగు, ఆమెకేం కష్టం అని సర్దుకున్నాను. చెప్పలేదు. వింత ఏమిటంటే, లేవాల్సిన అవసరం పోయాక మెలకువ దానంతటదే రావడం మొదలైంది. నాలుగున్నరకు ముందే కళ్ళు తెరుచుకునేవి. ఫోను గుండెల మీద పెట్టుకుని పైకప్పు చూస్తూ ఉండేవాణ్ణి. రింగు రాగానే కట్ చేసేవాణ్ణి. తిరిగి రింగు ఇచ్చి, దుప్పటి కప్పుకుని, పొద్దెక్కేదాకా నిద్రపోయేవాణ్ణి. లోకంలో అందరూ లేవడానికి అలారం పెట్టుకుంటారు. నేను మళ్ళీ పడుకోవడానికి లేచేవాణ్ణి.

అట్లా చాలా రోజులు గడిచాక నాకే సిగ్గనిపించింది. ఎదురుగా చెబుదామని ఒక శనివారం పలమనేరులో బస్సు మారి, పుంగనూరు మీదుగా మదనపల్లెకు పోయాను. అక్క సంగటి చేసి, చెనిగ్గింజల ఊరిబిండి నూరింది. మేనల్లుణ్ణి ఆ ఏడే హాస్టల్లో వేశారు, ఇంట్లో ఇద్దరే. తిన్నాక చెబుదామనుకున్నాను. తిన్నాక నిద్రొచ్చింది.

మర్నాడు చీకటితోనే నా తల దగ్గర ఫోను మోగింది. కట్ చేశాను. చేశాక గుర్తొచ్చింది, నేను కుప్పంలో లేను. లేచి చూస్తే అక్క వంటింటి గడప మీద ఫోను పట్టుకుని కూర్చుని ఉంది. పొయ్యి వెలగలేదు, లైటు కూడా వేయలేదు.

"పక్క రూములోనే ఉండాను కదక్కా."

"అలవాటు," అంది. ఫోను వైపు చూసి, "తిరిగి కాల్ ఇయ్యలేదు నువ్వు," అంది.

నిలబడే ఉన్నాను కాబట్టి ఈసారి నియమం ప్రకారం ఇచ్చాను. ఆమె చేతిలో ఫోను మోగింది. కట్ చేసి, "పండుకోపో, ఇంకా సీకటి," అంది.

బావ కోసం చూశాను. ఆయన ఎనిమిదింటికి లేచి వచ్చాడు, జుట్టు రేగి, తీరిగ్గా.

"ఏం బావా, మండీకి పోలేదా? ఆదివారమనా?"

"మండీ యాడిది బామ్మర్దీ? ఆ పని ఇడిసిపెట్టి సమ్మచ్చరమాయె. టమాటా బాక్సులు బాడుగకిచ్చే అంగడి పెట్టుకున్నా గదా. తొమ్మిదికి పోతా. నీకు సెప్పలేదా మీ యక్క?"

అక్క చట్నీ గిన్నె వైపు చూస్తోంది.

"నాకు టీ పెట్టేదానికి ఏడింటికి లెయ్యమన్నా గొణుగుతాది," అన్నాడు బావ. "నీకు కాల్ చేసేదానికి మాత్రం నాలుగింటికే లేసి కూసుంటాది. చేసేసి మళ్ళీ పండుకుంటాదా అంటే అదీ లేదు. ఆ గడప మీదే. ఏం సూస్తాదో ఆడ."

"పాలోడు వస్తాడు," అంది అక్క.

"పాలోడొచ్చేది ఆరున్నరకి."

"ముందే రావచ్చు ఒకరోజు."

బావ నవ్వి, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయాడు. ఇంక నా వంతు వచ్చింది. కుప్పం నుంచి తెచ్చుకున్న మాట బయటికి తీశాను.

"అక్కా, నాకూ పొద్దున క్లాసు..."

"లేదు గదా. తెలుసులే."

"ఎవరు చెప్పారు?"

"ఎవురు సెప్పాల? ముందు నేను రింగిస్తే నువ్వు కట్ చేసేసరికి నీ కాలర్ ట్యూన్ పాట సగమయ్యేది. ఇప్పుడు మొదటి రింగుకే కట్ చేస్తాండావు. పనుండేవోడు అంత బిరీన లెయ్యడప్పా."

అంతవరకు నేను దాచినదంతా అర రింగులో ఉంది. ఇడ్లీ బాగుందక్కా అన్నాను. ఆమె ఇంకొకటి వేసింది.

ఇద్దరమూ ఊరికే లేస్తున్నామని తేలిపోయింది కాబట్టి తెలివైనవాళ్ళలా ఒక నిర్ణయానికి వచ్చాం. చీకట్లో ఈ రింగులెందుకు, అందరు అక్కాతమ్ముళ్ళలా సాయంత్రం ఫోన్లో మాట్లాడుకుందాం అనుకున్నాం. సోమవారం నేను చేశాను.

"ఎవురు?" అంది అక్క.

"నేనే కదక్కా."

"ఏమైంది?"

"ఏం కాలేదు. మాట్లాడదామనుకున్నాం కదా."

"ఆ. తిన్నావా?"

"ఆరే కదక్కా అయింది."

"అవును గదా. ఆడ వానొచ్చిందా?"

"రాలేదు. ఆడ?"

"ఈడా లేదు."

వెనక ఆమె ఇంట్లో టీవీ వినిపిస్తోంది. నా గదిలో వినిపించడానికి ఏమీ లేక ఆమెకు ఫ్యాను వినిపించి ఉంటుంది. వాన విషయం తప్ప రెండు ఊళ్ళ మధ్య చెప్పుకోవాల్సినవి మాకు చాలానే ఉన్నాయి. ఆ గడప మీద ఏం చూస్తావక్కా అని అడగొచ్చు. కొడుకు లేని ఇల్లు ఎట్లుంది అని అడగొచ్చు. మొదటి రింగుకే యాల లేస్తాండావు అని ఆమె అడగొచ్చు. క్లాసులో నేను ఇలాంటి సంభాషణలు జంటజంటలుగా నిలబెట్టి చేయిస్తాను. వాళ్ళు ఎంచక్కా మాట్లాడతారు, అర్థం సరిగా తెలియదు కాబట్టి.

"ఉంటా మరి," అంది అక్క.

"సరేక్కా."

మంగళవారం ఆమె చేసింది. వాన అప్పటికీ రాలేదు. బుధవారం ఎవరమూ చేయలేదు.

గురువారం చీకట్లో మెలకువ వచ్చింది. ఫోను చూస్తే నాలుగూ ఇరవై. అలవాటు చొప్పున గుండెల మీద పెట్టుకుని పడుకున్నాను, ఏమీ అనుకోకుండా. ఏమీ అనుకోలేదని రాయడం తేలిక. స్టేషన్ వైపు నుంచి బెంగుళూరు పోయే బండి కూత వినిపించింది. అందులో ఒకప్పటి నా పొద్దుటి బ్యాచ్ వాళ్ళు ఎవరైనా ఉండొచ్చు. సీటు దొరకనివాళ్ళు స్టాండ్ అప్, దొరికినవాళ్ళు నిద్ర. కిందింట్లో ఓనరమ్మ ఇంకా లేవలేదు.

ఫోను మోగింది.

వెంటనే కట్ చేయలేదు. పాట సగం దాకా పోనిచ్చాను. నిద్రలో ఉన్నానని, పని ఉన్నవాడిలా బరువుగా లేస్తున్నానని ఆమె అనుకోవాలని. ఆమె నమ్మి ఉండదు. తర్వాత కట్ చేసి, మంచం దిగి, చన్నీళ్ళలాంటి గచ్చు మీద నిలబడి, తిరిగి రింగు ఇచ్చాను. నిలబడి ఇచ్చినట్టు ఆమెకు తెలిసే దారి లేదు.

ఒక్క రింగుకే కట్ అయింది.

రాగి చేలో రైతన్నా, పక్క చేలో వాళ్ళ చిన్నాయనా గుర్తొచ్చారు. చెవులు రిక్కించి కాసేపు అట్లాగే నిలబడ్డాను. ఏనుగు ఏదీ రాలేదు. పడుకున్నాను.